నేను కొట్టేసిన పద్దు

నా వంటి బ్యాంకు వాడు మన పత్రికకు వ్యాసం రాస్తే పొదుపు గురించో, పెన్షను గురించో రాస్తాడని అందరూ అనుకుంటారు. ఈసారి చెట్లు కోసే మిషను రంపం గురించి రాస్తున్నాను. బి.కాం. చదివినవాడికి రంపంతో పనేమిటని నవ్వుకోకండి. ఆ రంపం సంగతి తెలియకుండానే ఒకసారి కాగితం మీద సంతకం పెట్టాను. దాని ఫలితం ఇంకొకరు అనుభవించారు.

మన కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఈ మిషను అవసరం లేని ఊరు తక్కువ. పెరట్లో పనస, మామిడి చెట్లుంటాయి. తోటలు వేసినవాళ్ళకు జామాయిల్, సరుగుడు ఉంటాయి. కాఫీ మొక్కలకు నీడగా సిల్వర్ ఓక్ చెట్లుంటాయి. రాయగడ పక్కన జయకేపూర్‌లో 1962లో కాగితం మిల్లు మొదలయింది. ఆ మిల్లుకు కర్ర తోలే లారీలను చూస్తూ పెరిగిన పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. వీటికి తోడు తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటి మన కొండలకూ వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాల మీదికి వచ్చింది. 1999 పెను తుఫాను తర్వాత ఒడిశా ప్రభుత్వం 2001లో ఏర్పాటు చేసిన విపత్తు దళం వారికీ, అగ్నిమాపక దళం వారికీ దారి తెరవడానికి మొదట కావలసినది ఈ రంపమే. గవర్నమెంటు రోడ్లు వాళ్ళు చూసుకుంటారు. మన పెరట్లో పడ్డ చెట్టుకు మాత్రం ఊళ్ళో కుర్రాడినే పిలుచుకుంటాం.

అటువంటి కుర్రాడే 2018 వేసవిలో నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేను గుణుపూర్ వైపు ఒక బ్రాంచిలో మేనేజరుని. కుర్రాడు మన తెలుగువాడే. ఇరవై మూడేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టి లాగే పెద్ద రంపంతో బతికినవాడు. మిషను రంపం కొనుక్కుంటే రోజంతా పట్టే పని గంటలో అయిపోతుందని కుర్రాడి ఆశ. కొటేషను తెచ్చాడు. మిషను 41,000. అదనపు చైన్లు, ఆకురాళ్ళు, ఆయిలు 6,500. హెల్మెట్టు, కోత ఆపే ప్యాంటు, బూట్లు, చేతి తొడుగులు 8,900. మొత్తం 56,400 రూపాయలు.

ముద్రా పథకంలో శిశు రుణం 50,000 దాకానే. అది దాటితే పై విభాగం, ఇంకొన్ని కాగితాలు, ఇంకో నెల ఆలస్యం. కుర్రాడికి తొందర, నాకు టార్గెట్టు. ఎర్రసిరా పెన్ను తీసి చివరి పద్దు కొట్టేశాను. "ఇవి సంపాదించే ఆస్తులు కావు బాబూ, తర్వాత నెమ్మదిగా కొనుక్కో" అన్నాను. 47,500కి రుణం మంజూరయింది. ఇద్దరం సంతోషించాం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఒక మంచి పని చేశానని మా ఆవిడతో చెప్పాను కూడా.

తిత్లీ వచ్చిన మూడో రోజున ఆ కుర్రాడు తెల్లవారుజాము నుంచీ ఊళ్ళో పడిపోయిన చెట్లు కోస్తూనే ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు, ఒంటి మీద లుంగీ. ఒక ఇల్లు కాగానే ఇంకో ఇంటివాళ్ళు పిలుస్తున్నారు. మధ్యాహ్నానికి చైను మొద్దుబారింది. సానపట్టడానికి ఆగితే కూలి పోతుందని మిషనును బలంగా నొక్కి కోస్తున్నాడు. పడిపోయిన మామిడి కొమ్మల గుబురులో బారు కొస వెనకనున్న ఇంకో కొమ్మకు తగిలింది. రంపం ఎగిరి వెనక్కి తన్ని, తిరిగి కిందికి వచ్చి ఎడమ తొడ మీద పడింది.

పక్కనున్నవాళ్ళు తువ్వాలు మడిచి గాయం మీద అదిమిపట్టి ఆసుపత్రికి తీసుకుపోబట్టి ప్రాణం దక్కింది. నాలుగు నెలలు మంచం మీదే ఉన్నాడు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చి, "బాబూ, ఈ నెల వాయిదా ఆలస్యమైతే మిషను పట్టుకుపోతారా?" అని అడిగింది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. వాయిదాల గడువు పెంచడానికి కావలసిన కాగితాలు నేనే రాసి పెట్టాను. కానీ ఆ ఎర్ర గీత మాత్రం నన్ను వదల్లేదు.

కాలు కుదుటపడ్డాక కుర్రాడు మళ్ళీ పనిలోకి దిగుతానన్నాడు. "ఈసారి నువ్వు నేర్చుకుని దిగు, నేనూ కూర్చుంటాను" అన్నాను. రుణం ఇచ్చేవాడికి తాను దేనికి ఇస్తున్నాడో తెలియాలి గదా. మిషనుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి చెప్పేవాణ్ణి, అతను చేసి చూపించేవాడు. అలా ఆదివారాలు గడిచాయి.

ఈ రంపానికి ఒక చిత్రమైన చరిత్ర ఉంది. గొలుసుకు పళ్ళు పెట్టి కోయడమనే ఆలోచన చెట్ల కోసం పుట్టింది కాదు. 1780 ప్రాంతంలో స్కాట్లాండు వైద్యులు ఎముక కోయడానికి చేతితో లాగే చిన్న గొలుసు రంపం తయారుచేశారు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే కలప రంపం తెచ్చారు. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన 1946లో దుంగను తొలిచే పురుగు కుడికీ ఎడమకీ తినుకుంటూ పోవడం చూసి, చైను పళ్ళను అలాగే అటొకటి ఇటొకటి వంచి చేశారు. ఈనాటి చైను పళ్ళు ఆ పద్ధతివే. పూర్తి వేగంలో ఆ చైను సెకనుకు ఇరవై మీటర్ల దాకా పరిగెడుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుందామని మనం అనుకునేలోపు కోత అయిపోతుంది.

అందుకే కోత ఆపే ప్యాంటు. అది మందపాటి గుడ్డ మాత్రమే కాదు. లోపల పొడుగాటి పోగులు పొరలు పొరలుగా ఉంటాయి. చైను తగలగానే ఆ పోగులు బయటికి వచ్చి చక్రానికి చుట్టుకుని రంపాన్ని నిలిపేస్తాయి. 'సంపాదించని ఆస్తి' అని నేను కొట్టేసింది దీన్నే. హెల్మెట్టుకు కళ్ళకు జాలీ, చెవులకు మూతలు కూడా ఉంటాయి. ఈ మిషను చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది. మూతలు లేకుండా ఏళ్ళ తరబడి నడిపితే చెవుడు ఖాయం.

స్టార్టు చేసే పద్ధతిలోనే సగం జాగ్రత్త ఉంది. సినిమాలో లాగా ఒక చేత్తో పట్టి గాలిలో తాడు లాగకూడదు. మిషనును నేల మీద పెట్టి, చైను బ్రేకు వేసి, వెనక పిడిలో కుడి బూటు కొస దూర్చి, ఎడమ చేత్తో ముందు పిడిని గట్టిగా పట్టి అప్పుడు లాగాలి. చల్లగా ఉన్న ఇంజను అయితే పూర్తి చోక్ పెట్టి లాగి, ఒకసారి 'టప్' మనగానే చోక్ సగానికి తగ్గించి మళ్ళీ లాగాలి. కోసేటప్పుడు రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి, బొటనవేళ్ళు చుట్టూ బిగిసి ఉండాలి. బారు కొసలో పై భాగం దేనికీ తగలకూడదు. వెనక్కి తన్నేది అక్కడి నుంచే. భుజాల కంటే ఎత్తులో కోయకూడదు. నిచ్చెనెక్కి అసలే కోయకూడదు.

నిలబడ్డ చెట్టు అయితే ముందు అటవీ శాఖవారి అనుమతి కావాలేమో కనుక్కోవాలి. కరెంటు తీగలు దగ్గరుంటే ఆ శాఖవారు వచ్చేదాకా ఆగాలి. చెట్టు ఎటు వాలి ఉందో చూసి, పడాల్సిన వైపు మానులో నాలుగో వంతు లోతున ముక్క తీయాలి. వెనక కోత దానికంటే కొంచెం పైన మొదలుపెట్టాలి. రెండింటి మధ్య మానులో పదో వంతు కర్ర బందులా మిగలాలి. చెట్టు పడేటప్పుడు దాన్ని అదుపులో ఉంచేది ఆ బందే, పూర్తిగా కోసేస్తే అదుపు పోయినట్టే. వెనక పక్కకు పారిపోయే దారి ముందే శుభ్రం చేసుకోవాలి. మిగతావాళ్ళు చెట్టుకు రెండింతల దూరంలో ఉండాలి.

తుఫానుకు పడ్డ చెట్టు ఇంకా ప్రమాదం. వంగిన కొమ్మ ఎక్కుపెట్టిన విల్లు లాంటిది. ముందు నొక్కుకుపోయిన వైపు కొద్దిగా కోసి, తర్వాత సాగిన వైపు నెమ్మదిగా కోయాలి. వేళ్ళతో లేచిపోయిన చెట్టు మాను కోసేస్తే ఆ వేళ్ళ గడ్డ మళ్ళీ గుంటలోకి పడిపోవచ్చు. అక్కడ పిల్లల్ని నిలబడనివ్వకండి.

సంరక్షణ సంగతి మా బ్యాంకు భాషలో చెబితే రికరింగ్ డిపాజిట్. రోజూ కొంచెం వేస్తేనే ఫలం. పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిలు కలపాలి. మంచి ఆయిలు అయితే చాలా మిషన్లకు లీటరుకు 20 మిల్లీలీటర్లు. అయినా మీ మిషను పుస్తకంలో ఉన్న లెక్కే లెక్క. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోరాపుట్ వానల సంగతి మీకు చెప్పనక్కరలేదు. అందుచేత వారం రెండు వారాలకు సరిపడానే కలుపుకోవాలి. చాలా రోజులు వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి. పెట్రోలు పోసిన ప్రతిసారీ చైను ఆయిలు కూడా నింపాలి. బారు కొసను తెల్ల కాగితం దగ్గర పట్టి ఇంజను వేగం పెంచితే సన్నని ఆయిలు చార పడాలి. పడకపోతే బారు గాడిలో పొట్టు నిండినట్టే. ఇంజను ఆపి, చేతి తొడుగు వేసుకుని చైను లాగితే సులువుగా తిరగాలి, అడుగున వేలాడకూడదు.

చైను పదును తెలుసుకోవడానికి కొలతలు అక్కరలేదు, పొట్టు చూస్తే చాలు. ముక్కలు ముక్కలుగా పడితే పదునుంది. పిండిలా రాలితే మొద్దుబారింది. ఆ చైనుకు సరిపోయే గుండ్రటి ఆకురాయితో, పంటి మీదున్న గీత వెంట, లోపలి నుంచి బయటికి ఒకే వైపు రుద్దాలి. ప్రతి పంటికీ అన్నే రుద్దులు. ఒకవైపు పళ్ళు పెద్దవీ ఇంకోవైపు చిన్నవీ అయితే కోత వంకరగా పోతుంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఆదా చేయబోయే మా కుర్రాడు నాలుగు నెలలు పోగొట్టుకున్నాడు.

మొరాయించినప్పుడు మెకానిక్కు దగ్గరికి పరిగెత్తే ముందు కొన్ని చూసుకోవచ్చు. ఎంత లాగినా స్టార్టు కాక, పెట్రోలు వాసన వస్తుంటే ఇంజనులో పెట్రోలు ఎక్కువైంది. ప్లగ్గు విప్పి తుడిచి, స్విచ్ ఆపి నాలుగైదుసార్లు తాడు లాగి, ప్లగ్గు బిగించి చోక్ లేకుండా ప్రయత్నించాలి. స్టార్టయినా లాగకపోతే ఎయిర్ ఫిల్టరు పొట్టుతో నిండి ఉంటుంది. బారు దగ్గర పొగ వస్తే ఆయిలు లేదు, లేదా పదును లేదు, లేదా బ్రేకు వేసే కోస్తున్నారు. ట్రిగ్గరు వదిలాక కూడా చైను తిరుగుతూనే ఉంటే ఐడిల్ స్క్రూ తగ్గించాలి. అప్పటికీ ఆగకపోతే ఆ మిషను ముట్టుకోకూడదు. బ్రేకు పట్టని మిషను కూడా అంతే. చైను మీద చెయ్యి వేసే ముందు ఎప్పుడైనా ఇంజను ఆపాల్సిందే.

2022లో నేను కోరాపుట్ వచ్చాక ఒకరోజు ఆ కుర్రాడు కొంచెం కుంటుతూ నా క్యాబిన్లోకి వచ్చాడు. పాత రుణం తీరిపోయింది. ఇద్దరు కుర్రాళ్ళను పెట్టుకున్నాడట. రెండో మిషను కొంటానని, కొటేషను ఒకసారి చూసిపెట్టమని అడిగాడు. తీసి చూశాను. మొదటి వరుసలోనే మూడు హెల్మెట్లు, మూడు ప్యాంట్లు, మూడు జతల బూట్లు. మిషను నాలుగో వరుసలో ఉంది.

"వరుస మార్చావేం?" అన్నాను.

"చివర్లో ఉంటే కొట్టేస్తారు గదండీ, మేనేజర్ గారూ" అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేకపోయాను. ఆ రోజు టేబులు మీద ఎర్ర పెన్ను ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో మిషను పట్టేవాళ్ళు కొద్దిమందే ఉంటారు. పట్టేవాణ్ణి పిలిచేవాళ్ళం మాత్రం అందరమూ. ఈసారి మీ పెరట్లో చెట్టు పడితే, కూలి బేరం మొదలుపెట్టే ముందు వచ్చినవాడి కాళ్ళు చూడండి. చెప్పులతో ఉంటే మొదలుపెట్టనివ్వకండి. చైను సానపట్టుకోవడానికి ఆగితే తొందరపెట్టకండి, ఒక గ్లాసు టీ ఇవ్వండి. వంద రూపాయలు తగ్గించామని మనం మురిసిపోయే బేరంలో అతను కొట్టేసుకునే పద్దు ఏదో మనకు కనబడదు. నాకు కాగితం మీద కనబడింది. అయినా కొట్టేశాను.