తల్లి సాక్ష్యం

ఒక మనిషి తాను ఫలానావాడినని నమ్మి పెరుగుతాడు. లోకం ఆ నమ్మకాన్ని అంగీకరించిననాడు అతడు రాజవుతాడు. అది అసత్యమని తెలిసిననాడు అతడేమి చేయాలి? చెక్ స్వరకర్త ఆంటోనిన్ ద్వోర్జాక్ కూర్చిన ‘దిమిత్రి’ అనే ఒపెరాకు ఈ ప్రశ్నే ప్రాణం.

ఒపెరా పాశ్చాత్యుల సంగీతనాటకం. మన పద్యనాటకంలో మాటల నడుమ పద్యం రాగమెత్తుకొంటుంది. ఇందులోనైతే ఆద్యంతం గానమే. ప్రణయమూ, కుట్రా, మరణదండనా అన్నీ పాటగానే వినవస్తాయి.

కథకు మూలం రష్యా చరిత్ర. చక్రవర్తి నాలుగవ ఇవాన్ 1584లో మరణించాడు. ఆయన కడగొట్టు కుమారుడు దిమిత్రి 1591లో ఉగ్లిచ్ పట్టణంలో, ఎనిమిదేళ్ల ప్రాయంలో, మెడమీద కత్తిగాయంతో అసువులు బాశాడు. అన్నగారైన ఫ్యొదొర్ సంతానం లేకుండా 1598లో గతించగా, ఆయన బావమరిది బోరిస్ గొదునోవ్ సింహాసనమెక్కాడు. పసివాణ్ణి చంపించినవాడు అతడేనన్న అపవాదు అతణ్ణి నీడలా వెంటాడింది. కొన్నేళ్లకు పోలండులో ఒక యువకుడు ‘నేనే ఆ దిమిత్రిని, చావు తప్పించుకొన్నాను’ అంటూ బయలుదేరాడు. 1605లో బోరిస్ మరణించాడు. ఆ ఏడాది జూన్‌లోనే యువకుడు మాస్కోలో ప్రవేశించాడు. పదకొండు నెలలు ఏలాడు. 1606 మే నెలలో కుట్రదారుల చేతిలో హతుడయ్యాడు.

ఆ కుట్రకు నాయకుడు వసీలీ షూయిస్కీ. బాలుని మరణంపై 1591లో విచారణ జరిపినవాడూ ఆయనే. మూర్ఛ వచ్చి బాలుడు తన కత్తితో తానే పొడుచుకొన్నాడని అప్పుడు తేల్చాడు. 1605లో దిమిత్రి బతికే ఉన్నాడన్నాడు. 1606లో తానే చక్రవర్తి కాగానే, బాలుణ్ణి బోరిస్ చంపించాడన్నాడు. ఒక్క మరణానికి ఒక్క నోటినుండి మూడు సాక్ష్యాలు! సింహాసనపు నీడలో సత్యానికి పట్టే గతి ఇదే కాబోలు.

ఈ కథను ఒపెరాకు అనువుగా రచించినది మరీ చెర్వింకోవా-రీగ్రోవా అనే విదుషీమణి. చెక్ చరిత్రకారుడు పలాట్స్కీకి ఆమె మనుమరాలు. 1881లో ప్రారంభమైన ప్రాగ్ జాతీయ రంగశాల కొద్ది వారాలకే అగ్నికి ఆహుతైంది. అందుచేత ‘దిమిత్రి’ 1882 అక్టోబరు 8న ఆ నగరంలోనే నూతన చెక్ రంగశాలలో తొలిసారి ప్రదర్శితమైంది. ద్వోర్జాక్ ఇందులో బృందగానాలకు పెద్దపీట వేశాడు. వేదికపై రష్యన్లొక పక్షం, పోలులొక పక్షం. పోలులకు వారి మజూర్కా నాట్యపు లయ, రష్యన్లకు ప్రార్థనా మందిరాలను తలపించే గంభీరగానం. వినేవారికి కలహం మాటలకంటె ముందు స్వరాలలోనే తెలిసిపోతుంది.

ఒపెరాలోని దిమిత్రి వంచకుడు కాడు. తాను రాజపుత్రుడనే అతడు నిండు మనసుతో నమ్ముతాడు. చరిత్రనుండి రచయిత్రి తొలగిన చోటు ఇదే. ఇవాన్ భార్య, మృతబాలుని తల్లి మార్ఫా అతణ్ణి చూచిన మాత్రాన తన బిడ్డ కాడని గ్రహిస్తుంది. అయినా తన శత్రువులపై పగ తీర్చుకొనే తలంపుతో ప్రజలందరి ఎదుట ‘వీడు నా కుమారుడే’ అంటుంది. ఆ ఒక్కమాట అతనికి కిరీటం పెడుతుంది.

అతడు పోలు యువతి మరీనాను వివాహమాడతాడు. కాని తాగి మీదపడిన పోలుల బారినుండి తాను కాపాడిన బోరిస్ కుమార్తె క్సేనియాపై మనసు పడతాడు. అసూయతో దహించుకుపోయిన మరీనా అతని పుట్టుక గుట్టు విప్పుతుంది. అతడు రాజవంశీయుడు కాడు, సామాన్యుని బిడ్డ. మొదటి రచనలో క్సేనియా మరీనా ఆజ్ఞతో హత్యకు గురవుతుంది. తర్వాత ద్వోర్జాక్ ఒపెరాను సంస్కరించినప్పుడు ఆమె సన్యాసినుల మఠానికి వెళ్లేటట్లు మార్చాడు. ఏది మేలైన మార్పో రసజ్ఞులు తేల్చుకోవచ్చు. అసలు ఘట్టం మాత్రం ఆ తర్వాతిదే.

జనసమక్షంలో మరీనా నిజం చాటుతుంది. ఇతడు నీ కుమారుడని సిలువపై ప్రమాణం చేయుమని మార్ఫాను నిలదీస్తారు. ఔనంటే అతడు బ్రతుకుతాడు, ఆమె ఆత్మ కలుషితమవుతుంది. కాదంటే ఆమె సత్యం నిలుస్తుంది, అతడు మరణిస్తాడు. పగతో ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు జాలితో ఆడవలసి వచ్చింది. ఆమె తడబడుతూనే ప్రమాణానికి సిద్ధపడుతుంది. అప్పుడు దిమిత్రి ముందుకు వచ్చి ఆమెను వారిస్తాడు. అబద్ధపు ప్రమాణంతో నిలిచే సింహాసనం అతనికి అక్కరలేదు. మరుక్షణమే షూయిస్కీ తుపాకి పేలుతుంది.

చరిత్రలోని మార్ఫాను అలా వారించినవారు లేరు. 1605లో అందరి ఎదుట తన కుమారుడని అంగీకరించిన ఆమె, 1606లో అతడు హతుడైన పిమ్మట తన బిడ్డ కాడన్నది.