చిత్తరువుకు దిద్దుబాటు

మా అమ్మ సంవత్సరీకం దగ్గరపడుతున్న రోజుల్లో, గోడకు పెట్టుకోవడానికి ఆమె ఛాయాచిత్రం ఒకటి పెద్దదిగా చేయించాలని మా తమ్ముడు సంకల్పించాడు. ఇల్లంతా వెదికితే పనికివచ్చేవి రెండే దొరికాయి. మొదటిది 1967లో తెనాలిలోని ఒక స్టూడియోలో తీయించిన పెళ్లి ఫొటో. రెండవది 1989లో అమరావతిలో, కృష్ణ ఒడ్డున, అమరేశ్వరుని గుడి మెట్ల దగ్గర నాన్నగారి మిత్రులొకరు తీసిన రంగుల ఫొటో. యాభై ఏళ్ల సంసారంలో రెండే ఫొటోలా అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కెమెరా కనబడితే చాలు, మా అమ్మ పక్కకు తప్పుకొనేది. చిన్నతనంలో మశూచి సోకి ఆమె బుగ్గలమీద, నుదుటిమీద గుంటలు మిగిలిపోయాయి. బంధువుల పెళ్లిళ్లలో తీసిన ఫొటోల్లో ఎవరి భుజం వెనుకనో సగం ముఖంతో నిలబడి ఉంటుంది. చేతి ఫోన్లు వచ్చిన తరువాత కూడా "నాకెందుకే ఫొటో" అంటూ కొంగు అడ్డం పెట్టుకొనేది. మన దేశంలో మశూచి 1975తో అంతరించింది గనుక ఆ మచ్చలు మీ తరం వారికి పరిచయం లేవు. మా బాల్యంలో అటువంటి ముఖాలు లేని ఊరే ఉండేది కాదు.

అమరావతి ఫొటోనే పెద్దది చేయించాలని నిశ్చయించుకొన్నాం. అయితే దాని పరిస్థితి దయనీయంగా ఉంది. పెట్టెలో ఏళ్ల తరబడి ఉండి చెమ్మకు బూజుపట్టి తెల్లని చుక్కలు వచ్చాయి. ఒక మూల కాగితం పొరలుగా లేచింది. పైగా ఫొటో అంతా ఎర్రబారిపోయింది. ఆ కాలపు రంగుల ఫొటోల్లో మూడు వర్ణాల పొరలుండేవి. వాటిలో ఆకాశనీలపు పొర ముందుగా వెలిసిపోతే ఎరుపు పైకి తేలుతుంది. మీ ఇళ్లలోని పాత ఆల్బములు తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది. స్టూడియోకు పంపుదామని తమ్ముడు అన్నాడు. ఆ పని నేనే చేస్తానని నేనెందుకు అన్నానో ఇప్పటికీ చెప్పలేను. చెదలు తిన్న తాళపత్రాల మీద అక్షరాలు పోల్చుకొంటూ పరిశోధన సాగించినదాన్ని, ఒక ఫొటో బాగుచేయలేకపోతానా అన్న అహంకారం కొంత ఉండి ఉండవచ్చు.

నా ఆయుధం నా చేతి ఫోను మాత్రమే. ఫొటోను ఆల్బములోనుంచి తీసి, ఎండ నేరుగా పడని ఉత్తరపు వసారాలో బల్లమీద పరచి, ఫ్లాష్ వేయకుండా, ఫోనును దానికి సమాంతరంగా పట్టుకొని మరొక ఫొటో తీశాను. తరువాతి పనికి స్నాప్‌సీడ్ అనే యాప్‌ను ఎంచుకొన్నాను. నిక్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 2011లో దానిని రూపొందించింది. మరుసటి ఏడాది ఆ సంస్థను గూగుల్ కొనివేసింది. ఇటువంటి పరికరాలు ఇంకా అనేకం ఉన్నాయి. పని జరిగే తీరు మాత్రం దాదాపు అన్నింటిలోనూ ఒక్కటే. మనకు ముఖంగా, చీరగా, నదిగా కనిపించేదంతా ఫోనుకు సంఖ్యల రాశి. ఒకటిన్నర జానెడైనా లేని తెరమీది బొమ్మలో కోటికి పైగా చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వర్ణాల పాళ్లు సున్నా మొదలు 255 వరకు అంకెలలో రాసి ఉంటాయి. మనం వేలితో తెరమీద గీత జరిపినప్పుడు జరిగేది ఆ అంకెలు పెరగడం, తరగడం మాత్రమే.

ఎరుపు తగ్గించడానికి ఆ యాప్‌లో ఒక ఉపాయం ఉంది. బొమ్మలో తెల్లనిదని మనకు తెలిసిన చోటును వేలితో చూపితే, ఆ చోటు తెల్లబడేటట్లు మిగిలిన రంగులన్నింటినీ అది సవరిస్తుంది. అమ్మ పక్కన నిలుచున్న నాన్నగారి పంచెను చూపాను. పూర్తిగా కాకపోయినా ఎరుపు దిగిపోయింది. చీర రంగు బయటపడింది. ఇన్నాళ్లూ ఆ చీర ముదురు కుంకుమ రంగుదని నేను అనుకొంటున్నాను. అది చిలకపచ్చ. పండుగనాడు ఆ చీర కొంగుతో మా చేతులు తుడిచిన సంగతి కూడా ఆ రంగుతోబాటే తిరిగివచ్చింది. ఆ రాత్రి ఇక పని చేయలేకపోయాను.

మరునాడు బూజు చుక్కల సంగతి చూశాను. మచ్చమీద వేలు ఆనిస్తే, చుట్టుపక్కల ఉన్న రంగును, నేతను తెచ్చి యాప్ ఆ ఖాళీని పూరిస్తుంది. చుక్క తరువాత చుక్క మాయమవుతూ ఉంటే నాకు ఎఱ్ఱన గుర్తుకు వచ్చాడు. పదకొండవ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు. నడుమ మిగిలిన ఖాళీని పద్నాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. నన్నయ శైలి తోచేటట్లు, నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రునికే అంకితంగా, అతుకు తెలియకుండా పూరించాడు. కాని పర్వం చివర ఈ శేషాన్ని పూరించినది తానని చెప్పుకొన్నాడు. అతుకు కనిపించకుండా వేయడం ఒక నేర్పు. అతుకు వేశానని చెప్పడం వేరొక గుణం. తెరమీద వేలు కదుపుతూ నేను మొదటిదానినే నేర్చుకొంటున్నాను. రెండవదాని అవసరం అప్పటికింకా తెలిసిరాలేదు.

పొరలు లేచిన మూలను పూరించడం ఇంత సులభం కాలేదు. అక్కడ ఉన్న మెట్టును యాప్ రెండుగా చేసింది. ఒక భక్తుని కాలు మెట్టులో కలిసిపోయింది. చివరకు ఆ మూలను కత్తిరించివేశాను. పండితులు దీనికి శిథిలభాగమనే గౌరవనామం ఇస్తారు.

పని ఇంతవరకు వచ్చేసరికి తమ్ముడి కుటుంబం వచ్చింది. వెనుక ఉన్న జనాన్ని తీసివేసి గోపురాన్ని తెచ్చి పెట్టవచ్చు కదా అన్నాడు తమ్ముడు. ఆ కోరికను నేను తప్పుపట్టలేదు. శాకుంతలం ఆరవ అంకంలో దుష్యంతుడు చేసినది అదే. శకుంతల చిత్తరువును తానే గీసుకొని, ఇంకా ఇందులో మాలినీనది ఇసుకతిన్నెలమీద హంసల జంట ఉండాలి, హిమాలయపు చరియల్లో లేళ్లు ఉండాలి, నారచీరలు ఆరవేసిన చెట్టు ఉండాలి అంటూ విదూషకునితో ఒక్కొక్కటే చెబుతాడు. ఆ తరువాత అది బొమ్మ అన్న సంగతి మరచి, అందులోని తుమ్మెదను మందలిస్తాడు. చిత్రానికి మెరుగులు దిద్దాలన్న కోరిక ఫోనుతో పుట్టినది కాదు. ఛాయాచిత్రం పుట్టిన తొలి రోజుల్లోనూ ఇదే జరిగింది. డగేర్ విధానం లోకానికి వెల్లడైనది 1839లో. ఇరవై ఏళ్లయినా తిరగకముందే 1858లో, ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివులను కలిపి, మరణశయ్యమీది యువతి, ఆమె చుట్టూ బంధువులు ఉన్న ఒకే చిత్రంగా ముద్రించాడు. ఇంతటి దుఃఖదృశ్యాన్ని ఫొటో తీయడమేమిటని కొందరు నొచ్చుకొన్నారు. తీరా చూస్తే అది కూర్చిన దృశ్యం!

నేను గోపురం సంగతి ఆలోచిస్తుండగానే తమ్ముడి కొడుకు ఫొటోను తన ఫోనులోకి పంపించుకొన్నాడు. వాడి దగ్గర కృత్రిమ మేధతో పనిచేసే వేరొక యాప్ ఉంది. దానికి ఫొటో ఇచ్చి మీట నొక్కితే చాలు, నిమిషంలో ముఖాన్ని తీర్చిదిద్దుతుంది. "చూడత్తా, నాయనమ్మకు పదేళ్లు తగ్గిపోయాయి!" అంటూ తెర నా ముందు పెట్టాడు. నిజమే. నునుపైన బుగ్గలు, నిండైన కనుబొమలు, ఒక్కొక్కటే లెక్కపెట్టదగిన కనురెప్పల వెంట్రుకలు. మసక ఫొటోలో లేని వెంట్రుకలు ఎక్కడినుంచి వచ్చాయో వాడు అడగలేదు, నేనూ అడగలేదు. ముచ్చటపడ్డాను కూడా.

ఆ సాయంత్రం అక్క వచ్చింది. తెర చూపించాం. కళ్లజోడు సవరించుకొని, ఫోను దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూసింది.

"ఎవరే ఈమె?" అంది.

ఎవరమూ మాట్లాడలేదు. పరిహాసం చేస్తున్నదేమోనని తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ రాత్రి రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టుకొని చూస్తే జరిగిన మోసం అర్థమైంది. మోసం అనడం కూడా తగదేమో, యంత్రానికి దురుద్దేశం ఉండదు గదా. అసంఖ్యాకమైన ముఖాలను చూసి, ముఖం సాధారణంగా ఎలా ఉంటుందో అది నేర్చుకొని ఉంటుంది. స్పష్టంగా లేనిచోట ఆ సాధారణరూపాన్నే నింపుతుంది. మశూచి గుంట దానికి బూజు చుక్కవంటిదే. రెండింటినీ తుడిచివేసింది. ఇది తాళపత్ర లేఖకులలో ఎరిగిన దోషమే. మూలంలో అరుదైన పదం కనబడగానే కొందరు లేఖకులు అది తప్పనుకొని, దాని స్థానంలో తమకు తెలిసిన పదాన్ని రాసేవారు. పద్యం నునుపుగా నడుస్తుంది, గణాలూ సరిపోతాయి, కవి మాట మాత్రం పోతుంది. పాఠపరిష్కరణలో రెండు పాఠాలు ఎదురైనప్పుడు, సులభమైన పాఠాన్ని ముందుగా అనుమానించాలన్న సూత్రం మేము అందుకే పాటిస్తాం. తరగతిలో ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న సూత్రం మా అమ్మ ముఖం దగ్గరకు వచ్చేసరికి నాకు గుర్తురాలేదు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే, యాప్‌లను నాలుగు మాటలని సంతృప్తి పడేదాన్ని. కాని మచ్చల ఆనవాళ్లు సరిచూసుకొందామని పెళ్లి ఫొటోను కూడా ఫోనుతో తీసి, ముఖం దగ్గర పెద్దది చేసి చూశాను. ఆ ఫొటోలో అమ్మ బుగ్గలమీద ఒక్క గుంటా లేదు. మశూచి వచ్చినది ఆరేళ్ల వయసులో, ఫొటో తీసినది పెళ్లినాడు. మరింత పెద్దది చేస్తే, బుగ్గలమీద అతి సన్నని గీతలు వలవలె కనిపించాయి. ఆనాటి స్టూడియోవారు నెగటివు మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో దిద్దేవారు. ముఖంమీది గుంట నీడ నెగటివులో పలుచగా ఉంటుంది. అక్కడ పెన్సిలు గీతలు పడితే కాంతి తక్కువగా చొచ్చుకొనిపోయి, కాగితం మీద ఆ నీడ తేలిపోతుంది. పేరు తెలియని ఒక మనిషి అద్దాల బల్లముందు వంగి కూర్చొని గంటల తరబడి మా అమ్మ ముఖం మీది గుంటలు పూడ్చాడన్నమాట. ఈనాడు యాప్ నిమిషంలో చేసిన పనినే అతడు కంటిచూపు ధారపోసి చేశాడు.

మా పిన్నికి ఫోను చేశాను. ఆమె వెంటనే అంది: "అక్కే అడిగి దిద్దించుకొంది. ఫొటోలో అన్నా మచ్చల్లేకుండా ఉండనివ్వండని ఆయన్ను బతిమాలుకొంది. ఫొటో వచ్చిన రోజున దాన్ని పక్కలో పెట్టుకొని పడుకొంది తెలుసా?"

ఇప్పుడేమి చేయాలి? మచ్చలున్న ముఖమే మాకు అమ్మ. ఆ గుంటల మీద వేళ్లు పెట్టి లెక్కపెడుతూ నిద్రపోయినవాళ్లం. ఆ ముఖం లేకపోతే అక్క పోల్చుకోలేకపోయింది. కాని ఆ ముఖాన్ని లోకానికి చూపడం ఆమెకు జీవితాంతం ఇష్టం లేకపోయింది. మూలపాఠాన్ని కాపాడాలని పరిష్కర్త అంటాడు. కవయిత్రి తానే దిద్దుకొన్న ప్రతి ఎదుట ఉంటే ఏది మూలం? నా చదువులో దీనికి జవాబు దొరకలేదు. నాలుగు రోజులు ఫోను ముట్టలేదు.

చివరకు పాత ప్రతినే మళ్లీ తెరిచాను. ఇటువంటి యాప్‌లలో అసలు ఫొటోను చెరపకుండా మార్పులను వేరుగా దాచుకొనే వీలుంటుంది. ఏ మెట్టు దగ్గరికైనా వెనక్కు వెళ్లి దానిని రద్దుచేయవచ్చు. తాళపత్రాలకు ఈ సదుపాయం ఉంటే మాకెంత శ్రమ తప్పేదో! అందులో ఎంపికచేసిన చోటికి మాత్రమే వెలుగును పెంచే, తగ్గించే సాధనం ఒకటి ఉంది. అమరావతిలో ఆనాడు మిట్టమధ్యాహ్నపు ఎండ నెత్తిమీదినుంచి పడి, ఒక్కొక్క గుంటలోనూ గాఢమైన నీడ నిలిచింది. బుగ్గమీద ఒక బిందువు పెట్టి, వేలిని కొద్దికొద్దిగా జరుపుతూ ఆ నీడను మాత్రం తేలిక చేశాను. ఎండను సాయంకాలానికి మార్చానని చెప్పుకోవచ్చు. గుంటలు గుంటలుగానే ఉన్నాయి. చూడదలచినవారికి కనిపిస్తాయి, తమంతట తాము ముందుకు రావు. గోపురం తేలేదు. వెనుక జనాన్ని ఉండనిచ్చాను. వారిలో ఎవరో ఒకరు ఫొటో తీస్తున్న నాన్నగారి మిత్రుని చూసి నవ్వుతున్నారు.

తమ్ముడు అడిగినంత పెద్దది చేయడానికి ఆ ఫొటో తట్టుకోలేదు. 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తుతో సరిపెట్టుకొన్నాం. పటం కట్టించే ముందు ఫొటో వెనుక పెన్సిలుతో ఇలా రాశాను: "1989, అమరావతి. రంగు సరిచేశాను. బూజు చుక్కలు తీసివేశాను. కింది కుడిమూల కత్తిరించాను. బుగ్గలమీద నీడ తగ్గించాను. ముఖంలో ఇంకేమీ మార్చలేదు." సంవత్సరీకం నాడు అక్క పటం ముందు నిలబడి, చాలాసేపు చూసి, "నూనె ఎక్కువైతే దీపం పొగవస్తుంది, కాస్త దూరంగా పెట్టండి" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

పిన్ని మాత్రం తనకు ఈ ఫొటో వద్దంది, పెళ్లి ఫొటో ప్రతి కావాలంది. దానిని ఏ మార్పూ చేయకుండా అలాగే పంపించాను.