చెడ్డ రోజుకో మర్యాద

ఆత్మకూరు ఒక్కటే కాదు. ఒకటి మా మర్రిపాడు పక్కది, నెల్లూరు జిల్లాది. ఇంకొకటి నల్లమల అంచున, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్ళేవాళ్ళకి కావలసింది ఈ నల్లమల అంచుది. బద్వేలు, మైదుకూరు, నంద్యాల మీదుగా బస్సులో అక్కడికి చేరాలి. వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెడితే ఇక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం... సుమారు 40 కిలోమీటర్ల కాలిబాట. పెద్దపులులుండే అడవి కనుక, పండుగ రోజుల్లో తప్ప యాత్రికుల్ని ఆ దారిన పోనివ్వరు.

"ఈ వయసులో నీకెందుకే ఆ నడక?" అన్నారు మా వారు. నలభై దాటిన ఆడది గడప దాటతానంటే ఈ ప్రశ్న తప్పదు కాబోలు! 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడా ఈ దారినే శ్రీశైలం వెళ్ళారు. ఆయన ప్రయాణానికి పల్లకీ ఉంది, మోసేందుకు బోయీలున్నారు. నా ప్రయాణానికి మా ఆడపడుచు ఉంది, మాటవినని ఎడమ మోకాలుంది.

మొదటిరోజు లెక్కప్రకారం మంచి రోజే. గాలి చల్లగా ఉంది, కాళ్ళలో ఓపికుంది. నాగలూటిలో వీరభద్రుడికి దండం పెట్టుకున్నాం. ఏం లాభం? మనసు మర్రిపాడులోనే తిరుగుతోంది. పాలు పొంగిపోయాయేమో, పెరుగు తోడుపెట్టారో లేదో, పనిమనిషి వచ్చిందో రాలేదో! ఆ పూటంతా నడిచానే గానీ నా వంటిల్లు మాత్రం దాటలేదు.

రెండోరోజు ఎవర్నడిగినా చెడ్డ రోజే అంటారు. ఆకులు రాలిన చెట్లకి నీడ లేదు. కుడి మడమ మీద బొబ్బ, ఎడమ మోకాల్లో పోటు. తెచ్చుకున్న నీళ్ళు కాస్తా అయిపోయాయి. పెద్దచెరువు ఎంత దూరమని అడిగితే, "అదిగో, వచ్చేసింది" అనేవాళ్ళే అందరూ. అది మాత్రం రాదు! ఒక బండ మీద కూలబడ్డాను. వెనక్కి పోదామన్నా అంత దూరమూ ఉంది. కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఎట్టుంది వదినా మోకాలు?" అంటూ మా ఆడపడుచు పక్కన కూర్చుంది. "ఎండ తగ్గినాక పోదాంలే. తొందరేముంది?"

ఇంతలో అటుగా వచ్చిన ఒక కన్నడావిడ ఆగింది. కన్నడంవాళ్ళకి భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు. ఉగాదికైతే ఆ తల్లికి పసుపు కుంకుమలు తీసుకుని వేలమంది కర్ణాటక నుంచి నడిచి వస్తారు. ఈవిడ శివరాత్రికే వచ్చింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు. నా మోకాలికేసి చూసి, సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీసి తనే రాయడం మొదలుపెట్టింది!

అప్పుడు తట్టింది నాకు. ఈ నొప్పి కొత్తదా? ఇదే మోకాలితో ఇంట్లో ఎన్ని దోసెలు పోయలేదు! వేళకి టిఫిను వచ్చిందంటే ఇంట్లో అందరికీ అది మంచి రోజే. వండిన మనిషి చెడ్డ రోజు ఎవరికీ కనబడదు. నడకలో అలా కాదు. ఒకరి కాలు కుంటితే పదిమంది నడకా నెమ్మదిస్తుంది. అక్కడ చెడ్డ రోజుకి కూడా ఒక మర్యాద ఉంది.

మూడోరోజు మంచిదో చెడ్డదో తేల్చలేను. భీముని కొలనులోకి రాతిమెట్లు దిగాలి, మళ్ళీ కైలాస ద్వారం దాకా ఎక్కాలి. 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డిని మెట్టుకొకసారి తలుచుకున్నాను. దీవెనగా కొన్నిసార్లు, నిష్ఠూరంగా కొన్నిసార్లు! మెట్టుకొకసారి ఆగినా నన్నెవరూ తొందరపెట్టలేదు. పైకి చేరి వెనక్కి చూస్తే, మేం దాటొచ్చిన అడవంతా ఎండలో పడుకుని ఉంది. ఆ క్షణాన పాలూ పెరుగూ గుర్తుకు రాలేదు.

ఇంటికొచ్చిన వారానికి మోకాలు మళ్ళీ మొండికేసింది. పొద్దున్నే కాఫీల దగ్గర, దారిలో చెప్పుకున్నట్టే, "ఇవాళ నాకు చెడ్డ రోజు" అని ప్రకటించాను. ఎవరూ ఏమీ అనలేదు కాసేపు. మా వారు పేపరు మడిచి, "ఎట్టుంది?" అన్నారు. మా అబ్బాయి లేచి బియ్యం కడిగాడు.

అన్నం కాస్త జావయిన మాట నిజమే. అయినా ఎవరూ పస్తుండలేదు. మీరూ ఒకసారి చెప్పి చూడండి.