నీలం రంగు పలక

నా లాప్‌టాప్ తెరమీద పలక మొత్తం నీలంగా ఉంది. ఎక్కడా ఎరుపు లేదు. ఎరుపు లేకపోతే విరగదని లెక్క. "మధ్యలో దూలం అక్కర్లేదు మావయ్యా, మూడడుగులకొకటి చాలు" అని ఫోన్లో చెప్పేశాను. ఇనుప పైపుల ఖర్చు సగం మిగిలిందని ఆయన సంబరపడ్డాడు.

మావయ్యది తగరపువలస. పాతికేళ్లు తాపీపని చేశాడు. మోకాళ్లు అరిగాక అత్తయ్య పేరున డ్వాక్రా లోను తీసుకుని ఇరవై మేకలు కొన్నాడు. గోస్తని పక్క నేల, వానాకాలమంతా చిత్తడి. తడిలో నిలబడితే మేకల గిట్టలు కుళ్లుతాయి. అందుకే నేలకి ఎత్తుగా, దూలాల మీద సందుల ప్లాస్టిక్ పలకలు పరిచి షెడ్డు వేస్తారు. పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి.

నేను చేసింది ఫైనైట్ ఎలిమెంట్ మోడల్. వస్తువుని వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత ఒంగుతుందో లెక్కగట్టి, మళ్లీ అన్నిటినీ కలపడం. 1950లలో బోయింగ్‌లో విమానాల రెక్కల కోసం పెరిగిన పద్ధతి. ఆ పేరు 1960లో రే క్లఫ్ పెట్టాడు. ఇంజనీరింగ్‌లో నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడి మర్చిపోయిన విద్య. ఇంటివాళ్లకి పనికొచ్చిందని గర్వపడ్డాను కూడా.

మే నెలలో ఫోనొచ్చింది. రెండు పలకల మధ్య కొక్కెం ఊడి, ఆ సందులో ఓ చూడి మేక కాలు ఇరుక్కుని విరిగింది. "నువ్వు చెప్పినట్టే వేశాను గదా అల్లుడూ" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ శనివారమే వెళ్లాను. ఓ కొత్త పలకని రెండు పైపుల మీద పెట్టి, పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు పేర్చాం. ఈ చివర నుంచి ఆ చివరకి నూలుదారం లాగి కట్టి, స్కేలుతో కొలిచాం. మోడల్ చెప్పింది ఆరు మిల్లీమీటర్లు. ఎనిమిది వచ్చింది. "పర్లేదు, దగ్గరే" అని బస్తాలు తీయబోయాను.

"ఉండనీ. మేకలు రాత్రంతా పడుకోవేటి?"

తెల్లారి చూస్తే పధ్నాలుగు. బస్తాలు దించాక కూడా నాలుగు మిగిలింది.

"సెంట్రింగ్ ముందే తీసేస్తే స్లాబు కూడా ఇలాగే దిగిపోతాది" అన్నాడు మావయ్య. మా పుస్తకాల్లో దాన్ని క్రీప్ అంటారు. పరీక్షలో దాని మీద ప్రశ్న కూడా రాశాను. పలక పాలీప్రొపిలీన్. నేను వాడిన బిగువు 1500 మెగాపాస్కల్స్, ఉక్కులో దాదాపు నూట ముప్ఫయ్యో వంతు. అది 23 డిగ్రీల గదిలో, కొద్ది నిమిషాల్లో కొలిచే సంఖ్య. రేకుల కింద మే మధ్యాహ్నం అంత ఉండదు. నెలల తరబడి బరువు మోస్తే సగానికి పడిపోవచ్చు. బరువుని కూడా పలకంతా సమంగా పరిచాను, నీళ్లు పోసినట్టు.

"వానొస్తే అన్నీ ఓ మూలకే చేరతాయి. నీ కంప్యూటర్లో మేకలు కదలవేటి?"

కదలవు. మేక లేచేటప్పుడు ముందు మోకాళ్ల మీద ఆని వెనక కాళ్లు లేపుతుందని కూడా ఆ ఉదయమే గమనించాను.

తెరమీది నీలం నిజమే. పలక ఇప్పటికీ విరగలేదు, ఒంగిందంతే. నేను 'విరుగుతుందా' అని మాత్రమే అడిగాను. నాకు చేతనైన ప్రశ్న అడిగి, వచ్చిన జవాబుని తీర్పులా చెప్పేశాను. పుస్తకాల మీద రాసేటప్పుడూ ఇదే పని ఎన్నిసార్లు చేశానో.

మధ్యలో పైపులు వేయించాం. దూరం సగమైతే, సమంగా పరిచిన బరువుకి ఒంగుడు పదహారో వంతుకి తగ్గుతుంది. ఈ లెక్కకి కంప్యూటరే అక్కర్లేదు. పైపుల డబ్బు నేనిస్తానంటే, "మరి మేక కాలికెంత?" అని నవ్వాడు. ఆ మేక కుంటుతూనే రెండు పిల్లల్ని ఈనింది.

ఇప్పుడు నెలకోసారి ఆయన దారం కట్టి కొలిచి ఫోన్ చేస్తాడు. నేను రాసుకుంటాను. పోయిన నెల రెండు. ఈ నెలా రెండే.