నీ పుస్తకంలో ఎస్వీ రంగారావు ఉన్నాడా?

మేం హాస్టల్లో ఉన్న రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక ఎప్పటికీ తెగని వాదం ఒకటుండేది. మంచి నవల సినిమాగా వచ్చేసరికి ఎందుకు చెడిపోతుందని. ఇప్పటి పిల్లలు హారీ పాటర్ పేరు చెప్పి అదే వాదం వేసుకుంటున్నారు. నేను అప్పుడూ నోరు విప్పలేదు, ఇప్పుడూ విప్పను. ఎందుకంటే నా గొడవ వేరు. నాకు ప్రాణమైన పుస్తకంలోంచి తీసిన సినిమా చెడిపోలేదు. బ్రహ్మాండంగా వచ్చింది. నా బాధ అక్కడే ఉంది.

పుస్తకం 'కాశీమజిలీ కథలు'. రాసినవారు రాజమండ్రిలో ఉండిన మధిర సుబ్బన్న దీక్షితులు గారు (1868-1928). సినిమా 'పాతాళభైరవి'. విజయావారు తీసింది, 1951 మార్చి 15న విడుదలయింది. దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. దీక్షితులు గారి కథలోంచి బీజం తీసుకుని, దానికి అల్లావుద్దీన్ దీపం కథను అంటుగట్టి పింగళి ఓ కొత్త చెట్టు పెంచారు. దీపం పోయి అడిగిందిచ్చే ప్రతిమ వచ్చింది.

మాది దుమ్ముగూడెం. గోదావరి ఒడ్డున, పర్ణశాలకు వెళ్ళే దారిలో. ఆనకట్ట ఉన్న ఊరంటే కొందరికి తెలుస్తుంది. భద్రాచలం ప్రాంతాన్ని తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపింది 1959లో. కలిపినా మా పెద్దవాళ్ళ మనసు మాత్రం ఏటివాలునే పోయేది. ఏం కావాలన్నా "కిందికి" పోవాలనేవారు. కిందికి అంటే రాజమండ్రికి. 1967 పుష్కరాలకు అలా కిందికి పోయిన మా తాతయ్య, మునిగి లేచి, రెండు పుస్తకాలు కొనుక్కొచ్చాడు. కాశీమజిలీలు పన్నెండు భాగాలు. మా ఇంటికొచ్చినవి రెండు. అవీ వరస భాగాలు కావు.

ఆ పుస్తకం అమరిక తెలియనివారి కోసం రెండు ముక్కలు. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి బయల్దేరతాడు. తోడుగా ఓ గొల్లకుర్రాడు వస్తాడు. ఊరికే రాడు, మజిలీ మజిలీకీ కథ చెబితేనే వస్తానంటాడు. దారిలో కనపడిన వింతల్లా ఇదేమిటీ అని అడుగుతాడు. యతి చెప్పక తప్పదు. నేనూ పశువుల వెంట తిరిగినవాణ్ణే. బడిలో అడిగితే తన్నులు తినే ప్రశ్నలు వాడు దర్జాగా అడుగుతుంటే, ఎంత పెద్ద యతి అయినా నిలబడి జవాబు చెప్పడం నాకెంత సంబరంగా ఉండేదో!

మా నాయనమ్మకు చదువు రాదు. లాంతరు దగ్గర పెట్టుకుని నేను చదవాలి, ఆమె వినాలి. ఆ గ్రాంథికం ఉన్నదున్నట్టు చదివితే ఆమెకు సగం అర్థం కాదు, నాకు పావు కాదు. అందుకని మాటలు మార్చేవాణ్ణి. పుస్తకంలో అరణ్యం అని ఉంటే గట్టు అవతలి టేకు చెట్లూ ఇప్పచెట్లూ చెప్పేవాణ్ణి. నది వస్తే అది మా గోదావరే. మాంత్రికుడొస్తే మాత్రం ఆమె చీరకొంగు తల మీదికి లాక్కునేది. మా ఏజెన్సీలో మంత్రగాడంటే నవ్వులాట కాదు. చేతబడి చేశాడన్న అనుమానంతో మనుషుల్నే చంపిన చోటు. కనక మాంత్రికుడికి నేను మొహం పెట్టేవాణ్ణి కాదు. "వాడొచ్చాడు" అని ఊరుకునేవాణ్ణి. మిగతాది ఆమే ఊహించుకునేది.

1978 వేసవిలో భద్రాచలం దారిలో టూరింగ్ టాకీసు డేరా వేసి 'పాతాళభైరవి' ఆడించారు. గీతలు పడ్డ పాత ప్రింటు. మధ్యలో రెండుసార్లు తెగింది. అయినా నేల మీంచి ఒక్కరు లేవలేదు. నేపాళ మాంత్రికుడుగా ఎస్వీ రంగారావు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. తెర మీద మాత్రం గడ్డం నిమురుతూ, మాట మాటకీ డింభకా అంటూ, మా డేరా అంతా ఆయనే ఉన్నాడు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా, గోఖలే, కళాధర్ వేసిన గుహలూ భవనాలూ, ఘంటసాల పాటా. ఏదీ కాదనడానికి లేదు. 1952లో మనదేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్ళిన సినిమా మరి! మొక్కడం ఎలాగో చూపించమని తోటరాముడు మాంత్రికుణ్ణే వంగబెట్టి నరికినచోట నాయనమ్మ ఎగిరి నవ్వింది. మంత్రగాణ్ణి చూసి ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

మర్నాడు రాత్రి మామూలుగా పుస్తకం తీశాను. ఓ పేజీ విన్నది.

"అయ్యా, నీ పుస్తకంలో ఎస్వీ రంగారావు ఉన్నాడా?"

"లేడు నాయనమ్మా. ఇది వేరే కథ."

"అయితే ఉంచెయ్ లే. ఈ కథ అబద్ధం."

ఆ తర్వాత ఆమె నాచేత చదివించుకోలేదు. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో నా కొలువు పోయింది. కోపమంతా సినిమా మీద పెట్టుకున్నాను. గొల్లకుర్రాణ్ణి తీసేశారు, యతిని తీసేశారు, నడక తీసేశారు, మూడు గంటల్లో అంతా తేల్చేశారు, ఇదేం కాశీమజిలీ అని చాలాకాలం సణిగాను. ఆ సణుగుడులో న్యాయం ఉందనే ఇప్పటికీ అంటాను. మజిలీ అంటేనే ఆగడం. సినిమా ఆగదు. కుర్రాడు అడగాలి, మనం ఆ అడగడంలో పాలు పంచుకోవాలి. తెర ముందు కూర్చున్నవాడికి అడిగే పనే లేదు.

కానీ రెండోవైపు కూడా చెప్పాలి. ఆ వేసవంతా మా వాకిట్లో నాయనమ్మ కథ చెప్పింది. ఇరుగుపొరుగు అమ్మలక్కలూ, ఇప్పపువ్వు ఏరడానికి పోయేటప్పుడు ఆమెకు జతయిన కోయ ఆడవాళ్ళూ వచ్చి కూర్చునేవారు. ఇన్నాళ్ళూ నేను చదివితే వినే మనిషి, ఆ డేరాలోంచి బయటికొచ్చి చెప్పే మనిషయింది. వినడానికి నేనూ దూరంగా కూర్చునేవాణ్ణి, అలకతోనే. ఉజ్జయినిని తెచ్చి పర్ణశాల రేవులో పెట్టింది. మొసలి గోదావరి మొసలి అయింది. నేను పుస్తకానికి చేసిన పనే ఆమె సినిమాకు చేస్తోంది. ఆ సంగతి తోచాక అలక నిలవలేదు. పింగళి మాటలు లేకపోతే చదువు రాని ఆ మనిషికి ఆ ధైర్యం ఎక్కడిది? దీక్షితులు గారి గ్రాంథికం ఆమెను ఏనాడూ వాకిట్లోకి రానిచ్చేది కాదు, మధ్యలో నేనుంటే తప్ప.

యూనివర్సిటీకి వచ్చాక లైబ్రరీలో మిగతా భాగాలు దొరికాయి. అప్పటికి నాయనమ్మ లేదు. ఒక్కణ్ణే చదువుకున్నాను. ఓ చిక్కుంది. ఏ భాగంలోనైనా, ఏ సంబంధం లేని కథలోనైనా మాంత్రికుడనేవాడు వచ్చాడంటే చాలు, రంగారావు గొంతు వినపడుతుంది. "వాడొచ్చాడు" అని ఊరుకున్న నాటి మొహంలేని వాణ్ణి ఎంత వెతికినా దొరకడు. రాకుమారులంతా అంతే, రామారావు పోలికే. ఆ గొల్లకుర్రాడి వేషం మాత్రం ఎవరూ కట్టలేదు. వాడికి మొహం లేదు. వాడింకా యతి వెనకాలే నడుస్తూ, మా దుమ్ముగూడెం యాసలో, ఇదేంది సామీ అని అడుగుతున్నాడు.