పెట్టెలో పట్టే రెక్క

మా ఇంట్లో ఏది కొనాలన్నా మొదటి ప్రశ్న, ‘లారీలో పడుతుందా?’ అని. మీ ఇళ్లలోనూ అంతేగా పిల్లలూ! రేడియోతో నడిచే విమానం చేద్దామని బాబు పట్టుబట్టినప్పుడు మేము ముందు ప్లానులో రెక్క పొడవే చూశాం. 120 సెంటీమీటర్లు. మా ట్రంకు పెట్టె 90. ఇప్పటికే నాలుగు బళ్లు మారినవాడు, కాదనలేకపోయాం.

ప్లానును ఏ4 కాగితాల మీద ముద్రించి అతికించాం. స్కేలు పెట్టి చూస్తే 10 సెంటీమీటర్ల గీత 9.6 ఉంది. ప్రింటరు పేజీకి సరిపెట్టి కుదించేసింది! మళ్లీ మొదటికొచ్చాం. మోటారు, సర్వోలు ఎర్రకోట ఎదుటి లజపత్‌రాయ్ మార్కెట్లో దొరికాయి. రెక్కను రెండు ముక్కలు చేసి, అల్యూమినియం గొట్టంతో కలిపాం.

2021 డ్రోన్ నియమాల ప్రకారం ఢిల్లీలో చాలా భాగం రెడ్ జోన్. మ్యాపులో పచ్చరంగు వెతుక్కుంటూ ఝజ్జర్ దాటి, కోత అయిపోయిన గోధుమ చేనుకు వెళ్లాం. విసరగానే ముక్కు పైకెత్తి, గాలిలో ఆగి, దభీమని పడింది. తోక బరువు! ఈ రకం విమానానికి బరువు కేంద్రం రెక్క ముందంచు నుంచి వెడల్పులో మూడో వంతు లోపే ఉండాలి. బ్యాటరీని ముందుకు జరిపాం. రెండోసారి 40 సెకన్లు ఎగిరింది.

ఆ వారమే బదిలీ ఉత్తర్వు వచ్చింది. బాబు ఏమీ అనలేదు. గొట్టం లాగి, రెక్కలు విడదీసి, దుప్పట్ల మధ్య పెట్టాడు. పెట్టె మూత పడింది.