అవ్వ పాటకు నాలుగు మైకులు

కొండాపూర్‌లో మా సంఘము కూడుకొనే హాలు ఒక వ్యాపార భవనములో మూడవ అంతస్తు. క్రింద మందుల దుకాణము, దాని ప్రక్కన టిఫిన్ సెంటరు. మా హాలుకు ముందు గోడంతా అద్దమే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఈ ప్రాంతమునకు మనుష్యులు వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. మా సంఘములోనూ అంతే. ఆన్‌సైట్ వెళ్ళే సహోదరులు తమ సామాను సంఘమునకు ఇచ్చి వెళ్ళడము మాకు వాడుకైపోయింది. ఫ్రిజ్, బీరువా, పిల్లల సైకిలు అలా వచ్చినవే. రెండు సంవత్సరముల క్రితము డాలస్ వెళ్తున్న ఒక సహోదరుడు పూర్తి డ్రమ్స్ సెట్టు ఇచ్చి వెళ్ళాడు.

అంతవరకు మాకు రిథమ్ ప్యాడ్ మాత్రమే ఉండేది. తెలుగు సంఘములలో చాలవాటికి ఇది తెలిసిన సంగతే. ప్యాడ్‌కు మైకు అక్కర లేదు, వైరు తగిలిస్తే చాలు. డ్రమ్స్ సంగతి వేరు. అది గదిలో మ్రోగే వాద్యము. దాన్ని రికార్డ్ చేయాలంటే మైకులు కావాలి. ఏ మైకులు కొనాలి, ఎన్ని కొనాలి అని ఇతర సంఘముల యౌవనస్థులు మమ్మును తరచు అడుగుతున్నారు గనుక సంగీత కమిటీ పక్షముగా ఇది వ్రాస్తున్నాము. మా పొరపాట్లు కూడ దాచకుండ వ్రాస్తాము.

అసలు రికార్డింగు తలంపు డ్రమ్స్‌ను బట్టి రాలేదు, మా అవ్వను బట్టి వచ్చింది. ఆమె స్వగ్రామము ఒంగోలు ప్రాంతము, అనగా 1878లో వేలమంది బాప్తిస్మము పొందిన సీమ. కుమార్తె ఇక్కడ ఒక ఐటీ భవనములో హౌస్‌కీపింగ్ పనిచేస్తుంది గనుక అవ్వ కూడ ఇక్కడే ఉంటుంది. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకములో ప్రతి కీర్తన మీద రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి గాని వాటిని చూచి పాడేవారు మనలో ఎందరు? అవ్వకు చదువు రాదు. పురుషోత్తమ చౌదరి గారు మొదలైనవారు 19వ శతాబ్దములో కట్టిన కీర్తనలను ఆమె తన నాయనమ్మ నోట విని నేర్చుకొన్నది. కొన్నింటిని మేమెన్నడూ వినని వరుసలో పాడుతుంది. నిరుడు ఆమెకు గొంతులో ఏదో వచ్చి రెండు నెలలు మాట రాలేదు. తిరిగి మాట వచ్చిన ఆదివారము, ఈమె పాటలు ఇక ఆలస్యము చేయక రికార్డ్ చేయాలని పాస్టరుగారు అన్నారు. సంఘమంతా కలిసి 22,000 రూపాయలు ఇచ్చారు. అందులో అవ్వ కుమార్తె ఇచ్చిన 500 కూడ ఉన్నది.

డ్రమ్స్ వాయించే తమ్ముడు ఏడు మైకుల సెట్టు కొందామన్నాడు. డబ్బాలో వస్తాయి, కిక్‌కు ఒకటి, స్నేర్‌కు, టామ్‌లకు నాలుగు, పైన సింబల్స్‌కు రెండు, ధర కూడ మా సొమ్ములోనే సరిపోతుంది. కోశాధికారియైన పెద్దాయన, "డోలక్ ఉండగా ఇవన్నీ ఎందుకు నాయనా?" అన్నారు. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. లెక్క వేసి చూస్తే తమ్ముడి మాట నిలువలేదు. మా వద్ద ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఒక సహోదరుడు ఇంటినుండి తెచ్చేది, దానికి నాలుగు మైకులే పడతాయి. ఏడు మైకులు ఒకేసారి పట్టాలంటే ఎనిమిది ఇన్‌పుట్లున్నది కొనాలి, అది మైకుల సెట్టుకంటె ఎక్కువ ధర. మైకుల ధర మాత్రమే చూచి తరువాత వైర్లకు, స్టాండ్లకు, ఇంటర్‌ఫేస్‌కు చేతులు చాచే సంఘములను మేము చూచాము. గోపురము కట్టగోరినవాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా 14వ అధ్యాయములో ఉన్నది గదా!

కాబట్టి నాలుగు మైకులు అని తీర్మానించాము. స్నేర్‌కు ష్యూర్ వారి ఎస్‌ఎం 57 కొనాలనుకొన్నాము. 1965లో వచ్చిన ఈ మైకు నేటికీ ప్రపంచమంతట స్నేర్ ముందు కనబడుతూనే ఉంటుంది. కొత్తది సుమారు పదివేలు. ఇద్దరము మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజి స్టేషనులో దిగి కోఠి వెళ్ళాము. ఆ సందులలో సౌండు సామాను దొరకనిదంటూ ఉండదు. ఒక దుకాణములో ఎస్‌ఎం 57 ను 3,500కే ఇస్తామన్నారు. మేము సంతోషించాము. ఆ సంతోషములోనే ఆలోచన తప్పిపోయింది.

ఇంటికి తెచ్చి మాట్లాడితే రేకు డబ్బాలో మాట్లాడినట్టున్నది. మాలో ఒక సహోదరి వంటింటి కాటా తెచ్చి దాన్ని తూచింది. అసలు ఎస్‌ఎం 57 బరువు 284 గ్రాములు. మాది దానికి చాల తక్కువ తూగింది. నకిలీ! తిరిగి వెళ్తే వారు తీసుకోలేదు, బిల్లు కూడ లేదాయె. ఈ మైకులకు నకిలీలు విస్తారముగా ఉన్నాయని తరువాత తెలిసింది. తూచి చూడండి, బిల్లు తీసుకోండి, సగము ధరకంటె తక్కువకు ఇస్తామంటే అక్కడినుండి లేచి రండి.

మరుసటి ఆదివారము ఆరాధన అయిన తరువాత నిలబడి, 3,500 పోయినదని సంఘమునకు చెప్పవలసి వచ్చింది. నకిలీ మైకు చేతిలో పట్టుకొని ఆ మాట చెప్పడము ఎంత కష్టమో మాకే తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ కుమార్తె మాత్రము మెట్ల దగ్గర ఆపి, "అన్నా, అమ్మ పాట ఎప్పుడు పెడతారు?" అని అడిగింది. మేము కమిటీవారము ఆ సొమ్ము సర్దుతామంటే కోశాధికారి ఒప్పుకోక, పుస్తకములో 'నష్టము' అని వ్రాసి సంతకము పెట్టించారు.

ఆ తరువాత గాని మా కళ్ళు తెరువబడలేదు. పాస్టరుగారు ప్రసంగించే మైకు ష్యూర్ ఎస్‌ఎం 58. ఎస్‌ఎం 57 వచ్చిన మరుసటి సంవత్సరము, అనగా 1966లో, వచ్చినది. రెండింటి లోపలి భాగము ఒకే విధమైన రూపకల్పన, ముఖ్యమైన భేదము పైనున్న జాలి గుండులోనే ఉన్నది. ఆ గుండు తిప్పి తీసివేస్తే స్నేర్‌కు చక్కగా పనిచేస్తుంది. ఇన్నాళ్ళు వేదిక మీద ఉన్నదాన్ని విడిచి కోఠికి పోయాము! ఇప్పుడది ఆదివారము వాక్యమునకు, శనివారము స్నేర్‌కు. తమ్ముడు ఒకసారి కర్రతో దాన్ని కొట్టాడు కూడ. ఇది డైనమిక్ మైకు, అయస్కాంతము మధ్య కదిలే తీగచుట్ట తప్ప సున్నితమైనదేమీ లేదు గనుక తట్టుకొన్నది. పాస్టరుగారికి ఆ సంగతి ఈ పత్రిక ద్వారానే తెలుస్తుంది.

కిక్‌కు లోతైన శబ్దము పట్టే పెద్ద డైనమిక్ మైకు వేరుగా కావాలి. పేరుగాంచిన కంపెనీవి కొనలేక తక్కువ పేరున్నదాన్ని 5,400కు, ఈసారి బిల్లుతో, తెచ్చాము. సింబల్స్ మీద పెట్టేవి కండెన్సర్ మైకులు కావాలి. వీటికి ఇంటర్‌ఫేస్‌నుండి 48 వోల్టుల కరెంటు వెళ్ళాలి. సన్నని ధ్వనిని కూడ పట్టుకొంటాయి. బెహ్రింగర్ సి-2 వంటివి జంటగానే అమ్ముతారు, మా జంట 6,200 అయినది. జంట ఒకే రకముగా ఉండడము ముఖ్యము, ఒక్కొక్కటిగా వేర్వేరువి కొనవద్దు.

ఇక్కడ ఒక మాట. మేము పెట్టిన ఖర్చులో అన్నిటికంటె మంచి ఖర్చు మైకుల మీద పెట్టినది కాదు. కిక్‌కు, స్నేర్‌కు కొత్త తోళ్ళు వేయించడానికి 2,200 ఇచ్చాము. (తోలు అంటున్నాము గాని అది ప్లాస్టిక్కే.) పాత తోలు గణగణమంటూ ఉంటే లక్ష రూపాయల మైకు కూడ ఆ గణగణనే వినిపిస్తుంది. మూడు స్టాండ్లకు 2,700, వైర్లకు 1,600. స్నేర్‌కు వేదిక మీది చిన్న స్టాండే వాడుకొన్నాము. మొత్తము లెక్క చూడగా 400 మిగిలినది.

కండెన్సర్ మైకులు మా హాలును మాకు చూపించాయి. క్రింద టైల్సు, ముందు అద్దము. స్నేర్ ఒక్కసారి కొడితే నాలుగు గోడలు బదులు పలికాయి. డబ్బు పెట్టి ఫోము కొనే స్థితి లేదు. ఆరాధనలో పరచుకొనే వరంగల్ జంపఖానాలను అద్దము మీద తాళ్ళతో వ్రేలాడదీశాము, క్రింద రెండు పొరలు పరచాము. కిక్ డ్రమ్ము లోపల అవ్వ ఇంటినుండి తెచ్చిన పాత బొంత పెట్టాము. ఏసీ కట్టివేశాము. శనివారము మధ్యాహ్నము ప్రక్క ఆఫీసులు మూసి ఉంటాయి గనుక ఆ సమయమే ఏర్పరచుకొన్నాము. అయినను టిఫిన్ సెంటరు గ్రైండరు ఒకసారి రికార్డ్ అయినది.

పైనున్న రెండు మైకులను ఎక్కడ పెట్టాలి అనేదే చాల సమయము తిన్నది. 1960లలో గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లాండు రికార్డింగు ఇంజనీరు మూడు నాలుగు మైకులతోనే డ్రమ్స్ పట్టిన పద్ధతి ఒకటి ప్రసిద్ధి పొందినది. స్నేర్‌కు నేరుగా పైన ఒక మైకు, పెద్ద టామ్ వైపు ప్రక్కగా ఒకటి. రెండును స్నేర్ మధ్యనుండి సరిగ్గా ఒకే దూరములో ఉండాలి. శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అనగా 34 సెంటీమీటర్ల తేడా ఉంటే ఒక మైకుకు మిల్లీసెకను ఆలస్యముగా చేరుతుంది. అప్పుడు రెండు ధ్వనులు ఒకదానినొకటి కొంత చెరిపివేసి, స్నేర్ కాగితము మీద కొట్టినట్టు వినబడుతుంది. మేము మొదటిరోజు కంటి అంచనాతో పెట్టి మైకుల నాణ్యతను తిట్టుకొన్నాము. తరువాత పురికొస త్రాడు ఒక కొన స్నేర్ మధ్య పట్టుకొని రెండు మైకులకు ఒకే కొలత పెట్టగానే అదే మైకు, అదే డ్రమ్ము, నిండుగా పలికింది. పురికొస ధర చెప్పనక్కర లేదు.

ఇంత చేసి మొదటి శనివారము అందరిని ఒకేసారి కూర్చోబెట్టి వాయించాము, అది పాడైపోయింది. డ్రమ్స్‌కు రెండు మైకులు, డోలక్‌కు ఒకటి, అవ్వకు ఒకటి పెట్టాము. సింబల్ శబ్దమంతా అవ్వ మైకులోకి పోయింది. రెండవ చరణములో ఆమె ఆగిపోయి, "ఆ చప్పుట్లో నా మాట నాకే ఇనపడలా నాయనా" అన్నది. తమ్ముడి ముఖము చిన్నబోయింది. పెద్దాయన ఏమీ అనలేదు గాని ఆయన చూపు డోలక్ మీదికి పోయింది.

చెవికి హెడ్‌ఫోను పెట్టి మెట్రోనోము టిక్కు టిక్కు మంటుంటే పాడమని అవ్వను అడగలేము. ఆమె ఒక మాట దగ్గర నిలిచిపోతుంది, ఊపిరి తీసుకొని మరల కదులుతుంది. ఆ నిలవడములోనే ఆ వరుస ఉన్నది. కాబట్టి క్రమము మార్చాము. ముందు అవ్వ, డోలక్ మాత్రమే. ఇద్దరికి రెండు ఎస్‌ఎం 58లు, ఎదురెదురుగా, ఒకరి మైకు వెనుక భాగము మరొకరి వైపు ఉండునట్లు. ఈ మైకులు వెనుకనుండి వచ్చే శబ్దమును తక్కువగా పడతాయి. మూడు కీర్తనలు ఒక్కొక్కసారే పాడింది.

ఆ రికార్డింగు తమ్ముడి ఫోనులో వేసి ఇచ్చాము. ఆఫీసు క్యాబులో వెళ్తూ వస్తూ పది రోజులు విన్నాడు. అవ్వ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ త్వరపడుతుందో అంతా కంఠస్థము చేశాడు. తరువాతి శనివారము నాలుగు మైకులు డ్రమ్స్‌కే పెట్టి, అతడు హెడ్‌ఫోనులో ఆమెను వింటూ వాయించాడు. కర్రలకు బదులు పుల్లల కట్టవంటి రాడ్స్ పట్టుకొన్నాడు, మెత్తగా మ్రోగడానికి. పెద్ద సింబల్ పాట మొత్తములో రెండుసార్లే కొట్టాడు. మేము చెప్పలేదు. దావీదు కాలములో హేమాను, ఆసాపు, ఏతాను అనువారిని ఇత్తడి తాళములు వాయించుటకు నియమించిరని దినవృత్తాంతములలో ఉన్నది. వారు కూడ ఆగవలసిన చోట ఆగియుందురనే మేము అనుకొంటాము.

మూడు పాటలు కలిపి పెన్‌డ్రైవులో వేసి అవ్వ ఇంటికి తీసుకొనిపోయాము. టీవీకి తగిలించి వినిపించాము. కుమార్తె అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పకుండ గుమ్మములోనే నిలబడి విన్నది. అవ్వ కళ్ళు మూసుకొని మూడును విని, డ్రమ్ముల గురించి ఏమంటుందోనని తమ్ముడు చేతులు నలుపుకొంటూ ఉండగా, "ఇంకా పద్నాలుగు పాటలున్నయి నాయనా, మళ్ళీ శనారం రమ్మంటావా?" అని అతన్నే అడిగింది.

మిగిలిన 400 రూపాయలతో ఒక వైరు కొన్నాము. పాతదానిలో ఒకటి గరగరమంటున్నది.